రీలు మార్చే సందులో పద్యం

గురజాల, 20-2-1957, రాత్రి

గుడారం టాకీసు మా ఊరికి వచ్చి నేటికి ఏడాది. మా నాటకాలు ఆగిపోయిందీ అప్పుడే. టాకీసు ఏడాది వేడుకలో, రీలు మార్చే సందులో పద్యం పాడమని యజమాని నన్నే పిలిచాడు.

"ఏందయ్యా, సిగ్గు లేదా నీకు?" అంది మా ఆవిడ. అయినా వెళ్ళాను.

పద్యం ముగిసింది, దీపాలు ఆర్పారు. నేల టిక్కెట్టు జనం "వన్స్ మోర్!" అని కేకలు. యజమాని దిగిపొమ్మని సైగ చేశాడు. నేను దిగలేదు. బొమ్మ నా పంచె మీదే పడింది.

"ఒరేయ్, బొమ్మ ఆపరా! చానా రోజులైంది ఆయన పాట ఇని" అని ఒక ముసలమ్మ అరిచింది. ఆపారు. మళ్ళీ ఎత్తుకున్నాను.

పెట్టెలోని కిరీటాలకు చెదలు పట్టాయేమో... పట్టనీ. మిరపకోతలు కాగానే నాటకం వేసి తీరతాను. వన్స్ మోర్ అంటే తెర పాడదు, నేను పాడతాను.