వెలితి నింపే బారెల్

జనవరి 11

భోజనాల దగ్గర నోరు జారాను. ఎవెలియో ఏడో వరస వైన్ వాసన చూసి వచ్చి, దీన్ని ఇంకో ఏడాది ఓక్ బారెళ్ళలోనే ఉంచాలి అన్నాడు. నలభై ఏళ్ళుగా ఈ వైన్ సెల్లార్‌లో ఉన్న మనిషి. నాకు పని నేర్పింది ఆయనే. నేనేమో, మీ ముక్కు పెన్షన్ తీసుకుని పదేళ్ళయింది కదా అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. మాతో పనిచేసే ఫెర్మిన్ అయితే బల్ల మీద చరిచాడు. ఎవెలియో కూడా నవ్వి, గిన్నెలో బంగాళాదుంపల్ని అటూ ఇటూ కలిపాడు. తినలేదు.

జోకే. అయినా అందరి ముందూ అనాల్సింది కాదు.

జనవరి 13

జలుబు.

జనవరి 15, ఉదయం 9

బారెళ్ళు నింపే రోజు. ఓక్ చెక్క నెలనెలా కొంచెం వైన్ తాగేస్తుంది. ఆ వెలితిలో గాలి చేరకుండా, తలుపు పక్కనున్న బారెల్ నుంచి జగ్గుతో తెచ్చి పోయాలి. పోసే ముందు ప్రతి జగ్గూ వాసన చూడాలి. ఎవెలియో నేర్పిన మొదటి పాఠం అది.

నాకు ఇవాళ కాఫీ వాసన కూడా తెలియలేదు. పక్క వరసలో ఆయన బిరడాలు తుడుస్తున్నాడు. ఒక్కసారి వాసన చూసి పెట్టండి అంటే చాలు. కానీ నాలుగు రోజుల కిందట నేను వాగింది ఆ ముక్కు గురించే. ఏ మొహం పెట్టుకుని అడగను?

సాయంత్రం

అడగలేదు. ఏడో వరస పన్నెండు బారెళ్ళూ నింపేశాను. ఆయన చూస్తున్నాడేమోనని ప్రతి జగ్గూ ముక్కు దగ్గర పెట్టుకుని, బాగుంది అన్నట్టు తల ఊపాను. ఇది రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

జనవరి 22

ముక్కు తెరుచుకుంది. పొద్దున్నే కాఫీ వాసన, తర్వాత మా పిల్లి వాసన. హుషారుగా సెల్లార్‌కి వెళ్ళి తలుపు పక్క బారెల్ తీశాను.

వెనిగర్.

సగం ఖాళీగా వదిలేశాం, లోపల గాలి చేరింది. నేను అదే పోశాను. పన్నెండింటిలోనూ. ఇవాళే చెబితే గంధకం వేసి కొన్నైనా కాపాడుకోవచ్చు. బిరడా బిగించి ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 16

బయటపడింది. ఓనరు డోన్యా కసిల్డా ఏడో వరస అంతా రుచి చూసింది. ఉమ్మేసింది. ఇంకో ఏడాది ఓక్‌లో, తర్వాత సీసాల్లో మూడేళ్ళు పడుకోవాల్సిన వైన్ అది. కొన్నవాళ్ళు పిల్లల పెళ్ళిళ్ళ కోసం ఇరవై ఏళ్ళు దాచుకునే వైన్.

బిరడాలు సరిగ్గా పడలేదన్నమాట, ఆ పని ఎవరిది అంది. ఎవెలియోది. వాసన తెలియని మనిషికి బారెళ్ళు అప్పజెప్తే ఇంతేనండీ, ఒలాయా ఎప్పుడో చెప్పింది అన్నాడు ఫెర్మిన్.

ఒలాయా అంటే నేనే. నా జోకు సాక్ష్యమైంది. నేను నా బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవెలియో బిరడాల బుట్ట ఎత్తుకుని పక్క వరసకి వెళ్ళాడు.

ఫిబ్రవరి 17

చెప్పలేదు.

ఫిబ్రవరి 18

డోన్యా కసిల్డా గది తలుపు దాకా వెళ్ళాను. లోపల ఫోన్‌లో మాట్లాడుతోంది. అదే సాకు దొరికింది.

ఫిబ్రవరి 20

ఎవెలియోని ఇక రావద్దన్నారు. విశ్రాంతి తీసుకో అని చాలా మర్యాదగా అన్నారట. ఆయన ఏప్రన్ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అందరితో చెయ్యి కలిపి, చివర నా దగ్గరికి వచ్చాడు.

అమ్మాయ్, జలుబు తగ్గిందా అని అడిగాడు.

నాకు జలుబు తగ్గి నెల అయింది. ఆయనకి మొదటి నుంచీ తెలుసు. ఆ వేళ నేను తల ఊపడం అంతా చూశాడు. తగ్గిందండీ అన్నాను. నా నోటికి అంతే వచ్చింది. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఫిబ్రవరి 21

చెప్పేశాను. గదిలో కాదు, భోజనాల దగ్గర. ఆ మాట అన్నది అక్కడే కాబట్టి. ద్రాక్ష కొమ్మల మంట మీద గొర్రె మాంసం కాలుతోంది. జలుబు, జగ్గులు, తల ఊపడం, దాచిన ఇన్నాళ్ళూ, ఏదీ వదల్లేదు. ఎవరూ నవ్వలేదు. మాంసం మాడింది.

డోన్యా కసిల్డా నన్ను మధ్యాహ్నమే పంపేసింది. న్యాయమే.

ఫిబ్రవరి 25

ఎవెలియోని మళ్ళీ పిలిచారట. రానన్నాడట. నలభై ఏళ్ళు పనిచేశాను, నువ్వేనా అని ఒక్క మాట అడగలేకపోయారా అన్నాడట. ఫెర్మిన్ వచ్చి చెప్పాడు. నేను చెప్పడం ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఎవరూ పూడ్చలేరు.

ఏప్రిల్ 2

ఏడో వరస నుంచి ఫెర్మిన్ తెచ్చిచ్చిన సీసా పట్టుకుని ఎవెలియో ఇంటికి వెళ్ళాను. క్షమాపణ అడిగాను. ఆయన తోటలోంచి లెట్యూస్ ఆకులు కోసుకొచ్చి, కడిగి, సీసా తెరిచి ఆ వెనిగర్‌ని సలాడ్‌కి చల్లినట్టు వాటి మీద చల్లాడు. ప్లేటు నా ముందుకి జరిపాడు.

ఫోర్క్ ఎత్తాను. ముందు వాసన చూడు అన్నాడు.

చూశాను.