అయ్యగారికి మిగిలిన మాట

ఆగస్టు 18, సోమవారం

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి వారం దాటింది. పొద్దున మంచినీళ్ళు పట్టుకెళ్ళి "తాగుతారా" అంటే "వద్దు" అన్నారు. అంటూనే నోరు తెరిచారు. గ్లాసు ఖాళీ చేశారు.

పక్షవాతం కుడి చెయ్యి, కుడి కాలు పట్టుకుపోయింది. మాటలన్నీ పట్టుకుపోయి ఒక్కటి వదిలిపెట్టింది. భవానీపురం సంఘంలో ఇన్నేళ్ళు ప్రసంగించిన పాస్టరుగారికి, మా ఆయనకి, మిగిలిన మాట... వద్దు.

ఇరవై మూడో కీర్తన చదివాను. కాపరి, పచ్చిక, నెమ్మదైన నీళ్ళు. "వద్దు." నా మొహంలోకి చూస్తూ అన్నారు. బైబిలు మూసేశాను.

ఆగస్టు 19, మంగళవారం

మాటలు నేర్పే అమ్మాయి వచ్చింది. "మీ పేరు యేసురత్నమాండీ?" వద్దు. "సుబ్బారావాండీ?" వద్దు. తల ఊపడం కూడా నమ్మకం లేదు, ఒకసారి ఇటు, ఒకసారి అటు.

"ఆయన అనాలనుకున్నదే నోట్లోంచి వస్తోందని చెప్పలేమండీ. అలాగని ఎప్పుడూ ఉత్తిదేనని కూడా అనలేం."

మరి నేనెలా తెలుసుకోను?

"చూస్తూ ఉండండి మేడమ్."

చూస్తూనే ఉన్నాను. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్న మొహం. ఇవాళ ఏమీ అర్థం కాలేదు.

ఆగస్టు 20, బుధవారం

స్త్రీల కూడిక. ఆయన మొదలుపెట్టిన కీర్తనల ధ్యానం ఆపొద్దని, నన్నే చెప్పమని సంఘ పెద్దలు. పదమూడో కీర్తన చెప్పాను. ఎన్నాళ్ళు, ఎన్నాళ్ళు అని దేవుణ్ణి నిలదీస్తాడు దావీదు. చివరికొచ్చేసరికి పాడతానంటాడు. అందరూ ఆమేన్ అన్నారు.

ఇంటికి నడుస్తూ అనుకున్నాను — ఆ నిలదీయడానికీ ఈ పాటకీ మధ్య ఏం జరిగిందో ఎక్కడా రాయలేదు. నేను సరిగ్గా అక్కడ ఉన్నాను. ఆ రాయని చోట.

ఆగస్టు 22, శుక్రవారం

మా అమ్మాయి కెజియా బ్యాంకుకి సెలవు పెట్టి హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చింది. ముగ్గురం డాక్టరు దగ్గరికి.

మెడలో ఎడమపక్క, మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం బాగా సన్నబడిందట. తెరిచి శుభ్రం చెయ్యాలట. "చెయ్యకపోతే మళ్ళీ స్ట్రోకు రావచ్చు. ఈసారి ఇంతటితో పోకపోవచ్చు. చేస్తే ఆపరేషన్ బల్లమీదే రావచ్చు. ఆ భయం తక్కువే, లేదని మాత్రం అనను."

తర్వాత ఈయన వైపు వంగి, నిదానంగా — "అయ్యగారూ, చేద్దామా?"

"వద్దు."

ఆయన కళ్ళలోకి చూస్తూనే అన్నారు. డాక్టరు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"నాన్న అన్నిటికీ అదే అంటున్నారండీ" అంది కెజియా.

"తెలుసమ్మా. కానీ స్పృహలో ఉన్న మనిషి. ఆయన మనసేంటో మీకే తెలియాలి. ఆలోచించుకుని చెప్పండి."

ఆటోలో దారంతా ఆయన చెయ్యి పట్టుకున్నాను. చచ్చుబడిన చెయ్యి. నేను పట్టుకున్న సంగతి దానికి తెలియదు.

ఆగస్టు 24, ఆదివారం

ఆరాధన అయ్యేసరికి పామర్రు నుంచి మరిది దానియేలు. నాట్లు నడుస్తుంటే వదిలేసి వచ్చాడు. విషయం చెప్పాను.

"అన్నయ్య వద్దంటున్నాడు గదా వదినా. ఇంకెవర్ని అడుగుతావు?"

"అన్నం పెడతానన్నా అదే అంటున్నారు దానియేలూ."

"అన్నం వేరు. మెడ కొయ్యటం వేరు."

"బాబాయ్, చేయించకపోతే... రేపు నాన్నకేమన్నా అయితే?"

"దేవుడి చిత్తమమ్మా."

"డాక్టరు చెప్పింది దేవుడి చిత్తం కాకూడదా?"

దానియేలు సాయంత్రం దాకా అన్న పాదాలు ఒత్తుతూ కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, నెమ్మదిగా — "డాక్టరడిగినప్పుడు కళ్ళలోకి చూస్తానే వద్దన్నాడని నువ్వే చెప్పావు. అది మర్చిపోమాక."

మర్చిపోవడమా.

ఆగస్టు 25, సోమవారం

నూట నలభై ఒకటో కీర్తన. నా నోటికి కావలి పెట్టమని అడుగుతాడు అందులో. ఈయన ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు మోకాళ్ళూని చేసే ప్రార్థన అదే. నా మాట రాకుండా నీ మాటే రానివ్వు ప్రభువా, అని.

విన్నావు. ఎంత బాగా విన్నావు. ఎవరి పెదవులూ ఇంత గట్టిగా కాయలేదు నువ్వు. మిగతా ప్రార్థనలు ఏమయ్యాయి? ఊళ్ళో జబ్బు మనుషుల మంచాల దగ్గర ఆయన చేసినవి?

ఈ రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను.

ఆగస్టు 26, మంగళవారం

ప్రార్థన రాలేదు. బట్టలు ఉతికాను.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ఎదురింటి పద్మగారు పులిహోర తెచ్చారు. "పందిట్లో మైకు అటు తిప్పించానండీ, అయ్యగారు కాస్త పడుకోవాలిగా." ఆమె ముందే ఏడ్చేశాను. ఏమీ అడగలేదు. గిన్నె కింద పెట్టి పక్కన కూర్చుంది.

సాయంత్రం కూడికలో ఎనభై ఎనిమిదో కీర్తన. ఆయన రాసుకున్న వరసలో అది లేదు. నేనే తీశాను. మొరపెట్టి, మొరపెట్టి, చివరికి చీకటి దగ్గర ఆగిపోతుంది. అయినా అని ఉండదు. కానీ అని ఉండదు. "దీనికి నేను ముగింపు చెప్పలేనమ్మా" అని కూర్చున్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు.

అందరూ వెళ్ళాక రూతమ్మ ఒక్కతే చాప మీద ఉండిపోయింది. పోయినేడు ఆమె భర్త కాలవలో పడి పోయాడు.

"అమ్మగారూ, ఇది నిజంగా బైబిల్లోనే ఉందాండీ?"

"ఉంది రూతమ్మా."

"మా ఆయన పోయినప్పుడు వచ్చినోళ్ళంతా ఇరవై మూడే చదివారండి. ఇదొకటి ఉందని ఒక్కరూ చెప్పలా." బైబిలు నా ముందుకు జరిపి, "మళ్ళొకసారి చదవండి" అంది. చదివాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వింది.

ఆగస్టు 28, గురువారం

సంఘ కార్యదర్శి ఫోను. "అమ్మగారూ, మొన్న... అదే, నిన్నటి వాక్యానికి ఆడవాళ్ళు బెంబేలెత్తిపోయారండీ. ఆదరణ ఇచ్చే కీర్తనేదన్నా చెప్పండి."

"నాకు దొరికితే చెప్తానండీ."

మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి, ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ఏవండీ. ఆపరేషన్ చేయించనా?"

"వద్దు."

"మానేద్దామా?"

"వద్దు."

"నేనేం చెయ్యమంటారు?"

ఎడమ చేత్తో దుప్పటి అంచు సర్దారు. మళ్ళీ సర్దారు. కళ్ళ నిండా నీళ్ళు. నోరు తెరిచి ఏదో వెతుకుతున్నారు, ఎంతసేపో... దొరకలేదు. నేను ఆ నోటిని చేత్తో మూశాను. ఇంక చూడలేక.

ఆగస్టు 30, శనివారం

ఇడ్లీ తినిపిస్తున్నాను. మూతి కుడిపక్కకి జారింది. ఇప్పుడిప్పుడే కాస్త కదులుతున్న కుడి వేళ్ళు బిగుసుకుని, మళ్ళీ వాలిపోయాయి. "ఏవండీ" అన్నాను. జవాబు లేదు. "ఇడ్లీ పెట్టనా? నీళ్ళు కావాలా?" వరసగా అడుగుతూనే ఉన్నాను, దేనికో దానికి వద్దంటారని. ఏమీ లేదు. ఆ ఒక్క మాటా లేదు.

భుజాలు పట్టుకుని కుదిపాను. "అనండి. వద్దనండి. ఒక్కసారి అనండి."

పద్మగారి భర్త కారు తీశారు. దారిలోనే, వంతెన దిగుతుండగా, ఆయన గొంతు — "వద్దు."

దేవునికి స్తోత్రం అన్నాను. ఈ నెలలో నా నోట నిజంగా వచ్చిన మొదటి స్తోత్రం అదే. దాన్ని తలుచుకుంటే భయంగా ఉంది.

ఆగస్టు 31, ఆదివారం

ఆసుపత్రిలో. డాక్టరు: "ఇది హెచ్చరికమ్మా. ఈసారి తిరిగొచ్చింది. ప్రతిసారీ రాదు. రేపు పొద్దున పెట్టుకోవచ్చు. మీరు ఊ అంటే."

దానియేలుకి ఫోను చేశాను. "నువ్వు సంతకం పెడితే అడ్డం రాను వదినా. నన్ను మాత్రం పెట్టమనమాక. వద్దన్న మనిషి మీద నా చెయ్యి ఆడదు."

వార్డులో ముప్పై తొమ్మిదో కీర్తన చదివాను, నాకోసమే. మౌనంగా ఉండిపోయానంటాడు. చివరికి, నీ చూపు నా మీంచి తిప్పుకో, కాస్త ఊపిరి పీల్చుకుంటాను అంటాడు దేవుడితో. ఎన్నిసార్లు చదివానో, ఆ మాట ఇంతకుముందు కళ్ళబడనే లేదు. ఇంత విసిగిపోయిన మనిషి ప్రార్థన కూడా ప్రార్థనేనా. దాన్నీ పాటల్లో కలిపి ఉంచారా.

నేనామాట అనలేను. చూపు తిప్పుకోకు. కోపంగానైనా సరే, ఇటే చూడు.

సంతకం పెట్టాను. కెజియా నా వీపు మీద చెయ్యి వేసింది. ఈయన అటు తిరిగి ఉన్నారు. నిద్రో, కాదో.

సెప్టెంబరు 1, సోమవారం

పొద్దున్నే తీసుకెళ్ళారు. స్ట్రెచరు మీదికి మార్చేటప్పుడు ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. అంత బలం ఉందని నాకే తెలియదు. "వద్దు" అన్నారు. మళ్ళీ, "వద్దు, వద్దు." నర్సు "వదలండి అయ్యగారూ, అమ్మగారు ఇక్కడే ఉంటారు" అంటూ ఒక్కొక్క వేలూ విప్పింది.

భయపడకు అన్నారా? వెళ్ళకు అన్నారా? ఆపమన్నారా?

ఆపండి అని నేనంటే ఆగేవాళ్ళు. తలుపు దాకా పక్కనే నడిచాను. అనలేదు. "ఉంటానండీ, ఇక్కడే ఉంటాను" అన్నాను.

మణికట్టు మీద గోళ్ళ గాట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

సెప్టెంబరు 1, మధ్యాహ్నం

దానియేలు వచ్చాడు. పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, పంచె అంచుకి బురద. కాసేపు దూరంగా నిలబడ్డాడు, నా మొహం చూడకుండా. తర్వాత వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఏదన్నా చదువు వదినా."

"ఏది చదవను?"

"అన్నయ్యకి ఇష్టమైంది."

పేజీలు తిప్పాను. పెళ్ళింటికి ఏది చదవాలో, చావింటికి ఏదో, పరీక్షలకి వెళ్ళే పిల్లలకి ఏదో ఆయన చెప్పేవారు. తనకి ఏది ఇష్టమో ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. కెజియాని అడిగాను. తెలియదంది. దానియేలుకీ తెలియదు.

"పోనీ, మొదట్నుంచి చదువు" అన్నాడు. "ఏదో ఒకటి అదే అయ్యుంటది."

మొదటిది. రెండోది. మూడోది. గొంతు ఎండిపోతోంది. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మధ్యలో ఆగి ఇది రాస్తున్నాను. లోపల్నుంచి ఎవరో వస్తున్న చప్పుడు... కాదు, పక్క గదిలో.

"ఆగావేంటి వదినా" అంటున్నాడు దానియేలు.