నల్లబడని వత్తులు

పెరామా, ఇంటి నుంచి

ప్రియమైన నాన్నా,

డబ్బా మీ ఓడ ఏజెంటు చేతికిచ్చాను. నీ బ్యాటరీ ఆవిరి గొట్టానికి వత్తులు, వాటికి ఎక్కించే తీగ చుట్లు అందులోనే ఉన్నాయి. వత్తికి స్టీలు జాలీని ఈసారి కాస్త వదులుగా చుట్టాను. పోయినసారి ఆవిరయ్యే రసం వత్తిలో సరిగ్గా పైకెక్కలేదేమోనని నా అనుమానం. నువ్వు చెప్పి చావవు, అన్నీ బాగున్నాయనే రాస్తావు.

కల్లిరోయి అత్త ఒకటే సతాయింపు. "గుండెకి స్టెంటు వేయించుకున్న మనిషికి ఈ ఆవిరి గొట్టం ఏంటే?" అంటుంది. "సిగరెట్టు కంటే నయం కదత్తా" అన్నాను. ఇంకో సిగరెట్టు ముట్టుకోకూడదని డాక్టరు నీతో అన్నమాట నేను మర్చిపోలేదు. ఇంటికొచ్చినప్పుడు ఎప్పటిలాగే పొగ వాసనుందేమోనని కోటు లోపలి గుడ్డ వాసన చూస్తాను, జాగ్రత్త!

నీ అసిమీనా

*

నాన్నా,

ముందు ఆ గొట్టం పక్కన పడెయ్. బటన్ నొక్కకు. మిగతాది తర్వాత చదువు.

నీకు తప్పు డబ్బా పంపాను. వత్తులు కాలుస్తుంటే మధ్యలో గ్యాసు అయిపోయింది. సగం కాల్చినవి, సగం పచ్చివి. రెండూ ఒకే రకం మిఠాయి డబ్బాల్లో పెట్టాను, బుద్ధి లేక. కాల్చినవి ఇప్పుడే కిటికీ దగ్గర కనిపించాయి.

ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి, మళ్ళీ కాల్చి, జాలీకి నల్లటి పొర కట్టించాలి. అది లేకపోతే తీగా జాలీ తగిలి షార్టవుతుంది. నీ గొట్టంలో దాన్ని ఆపేదేమీ లేదు. బ్యాటరీ నీ మొహం దగ్గరే పేలుతుంది నాన్నా!

ఇంజన్ మోతకి నీ చెవులు పోయాయి, ఫోన్ చేసి లాభం లేదు, మెసేజీలు నువ్వు చూడవు. కంపెనీకి చేస్తే ఆ గుమాస్తా, "వత్తులా? మీ నాన్నగారు ఓడలో చర్చి పెట్టారా అమ్మా?" అని నవ్వాడు. కబురు పంపుతానన్నాడు. నాకు నమ్మకం లేదు. అందుకే ఇది కొరియర్లో కాన్‌స్తాంత్సా రేవుకి పంపుతున్నాను.

భయంతో,
అసిమీనా

*

వార్నా రేవు

నా బంగారు తల్లికి,

డబ్బా అందింది. వత్తులు అదిరిపోయాయి! పొద్దున్నే ఒకటి బిగించి చెర్రీ రసం పోశాను. ఆవిరి మెత్తగా, తియ్యగా ఉంది. గొంతులో గరగర లేనే లేదు. నీ చెయ్యే చెయ్యి.

మా వంటవాడు పాంతెలిస్ నీ పనితనం చూసి, "అమ్మాయికి సంబంధం చూడనా?" అంటున్నాడు. ముందు నీ చేపల పులుసు సంగతి చూసుకోరా అన్నాను.

రేపు కాన్‌స్తాంత్సాకి బయల్దేరుతున్నాం. తిండి మానకు.

నీ నాన్న, స్తమాతిస్

*

ప్రియమైన అబద్ధాలకోరు నాన్నకి,

కవరు మీద నీ చేతిరాత చూసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. బతికున్నావు. తర్వాత ఉత్తరం చదివాను.

మెత్తటి ఆవిరా? ఆ వత్తులతోనా? పచ్చి వత్తికి తీగ ఒక్కచోట ఎర్రగా మండుతుంది, మిగతా తీగ చల్లగా ఉంటుంది. ఆవిరి రాదు, గొట్టం కాలిపోతుంది. పైగా నల్లగా ఉండాల్సినవి తళతళ మెరుస్తుంటే చూడలేదా? ఆ డబ్బా మూతైనా తీయలేదు నువ్వు. మరి ఏం పీలుస్తున్నావు? మళ్ళీ సిగరెట్లేగా!

అమ్మ పోయాక కూడా నువ్వు మానలేదని రెండేళ్ళు నీతో మాట్లాడలేదు. ఈ గొట్టం పట్టావనే మళ్ళీ ఉత్తరాలు మొదలుపెట్టాను. ఇక వత్తులూ లేవు, ఉత్తరాలూ లేవు.

అసిమీనా

*

ఇస్తాంబుల్ రేవు

అసిమీనా, నా తల్లీ,

నీ కోపం ఉత్తరం ఇక్కడ అందింది. ఇదైనా చదువు.

మొదటి కొరియరు కాన్‌స్తాంత్సాలో అందింది. ఓడ మెట్ల మీదే చదివి వంటగదికి పరుగెత్తాను. ఎందుకంటే నా గొట్టం, ఈసారి వచ్చిన నీ డబ్బా రెండూ పాంతెలిస్‌కి ఇచ్చేశాను, వాడైనా సిగరెట్టు మానతాడని. నేను వెళ్ళేసరికి వాడు బటన్ నొక్కి, "ఏంట్రా స్తమాతిస్, ఇది పొయ్యిలా కాలుతోంది!" అంటున్నాడు. వాడి చేతిలోంచి లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. నీళ్ళని తాకకముందే పేలింది. వాడి అరచెయ్యి బొబ్బలెక్కింది. ఇప్పుడు వాడి కూరగాయలు నేను తరుగుతున్నాను. వాడి చెయ్యి కాలడానికి నీ పొరపాటు కారణం కాదమ్మా, నా అబద్ధం. పీలుస్తున్నవాడినైతే ఆ మెరుపు చూడగానే పట్టేసేవాణ్ణి.

నేను సిగరెట్టు తాగడం లేదు. ఆవిరీ పీల్చడం లేదు. ఈస్టరు ముందు ఉపవాసాలకని గొట్టం పక్కన పెట్టాను. పండగ వెళ్ళాక మళ్ళీ పట్టబుద్ధి కాలేదు. ఆ సంగతి నీకు రాయబోయి ఆగిపోయాను. మానేశానంటే వత్తులు ఆపేస్తావు, వత్తులు ఆగితే ఉత్తరాలూ ఆగిపోతాయని భయపడ్డాను. ఆ రెండేళ్ళు మళ్ళీ నావల్ల కాదు. అందుకే ఈ ఒక్కటి తప్ప, వచ్చిన ప్రతి డబ్బా నా మంచం కింద దాచుకున్నాను, నువ్వు వేసిన టేపు కూడా తీయకుండా.

వచ్చే వారం పిరేయస్‌లో దిగుతాను. డబ్బాలన్నీ తెస్తాను. కోటు గుమ్మం దగ్గరే నీ చేతికిస్తాను, లోపలి గుడ్డ వాసన చూడు. పొగ వాసనొస్తే తలుపేసెయ్. రాకపోతే, నేను మళ్ళీ ఓడెక్కాక ఒట్టి డబ్బా అయినా సరే పంపు తల్లీ, లోపల నీ ఉత్తరం పెట్టి.

నీ నాన్న