మసి పడని వడియాలు

1936 మార్చి 28

పిండి వడియాలన్నీ పారబోశాను. పొద్దున మిద్దె మీద పెట్టినవి, మధ్యాహ్నానికల్లా నల్ల చుక్కలు. పడమటి గాలి లేస్తే చాలు, మా సున్నపు బట్టీ పొగంతా మా వీధి మీదికే. ఆయనతో గట్టిగానే అన్నాను — పొద్దుగూకినాక అంటించండి, గాలి పడిపోతుంది కదా అని.

"నీ వడియాల కోసం బట్టీ వేళ మార్చమంటావేందే!"

నవ్వారే గాని కాదనలేదు.

ఏప్రిల్ 2

వడియాలు మల్లెపూలే. నా మాటే నెగ్గింది.

ఏప్రిల్ 9

మార్కాపురం ఎండ చంపుతోంది. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి మంచాలు వేసుకున్నాం. వేపచెట్టు గాలి... ప్రాణం లేచివచ్చింది.

ఏప్రిల్ 13

గాజులమ్మే బీబమ్మ వచ్చింది. వాళ్ల ఇల్లు బట్టీ వెనక సందులో. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కూతురు దొనకొండ నుంచి కాన్పుకు వచ్చిందట, నెలలు నిండాయి.

"పొద్దుగూకితే పొగ మా సందులోనే కూసుంటాదక్కా. బయట మంచం ఏసుకోలేం. లోపలికి పోతే పైన రాతి పలకల కప్పు, పగలంతా కాగి పెనం లెక్క ఉంటాది. తలుపు తీస్తే దగ్గు, మూస్తే ఉడుకు. పిల్ల ఊపిరాడక గోడ పట్టుకొని నిలబడతాది."

"ఇంతకుముందు లేదా పొగ?"

"పగలైతే గాలికి పోయేది గదా. ఇప్పుడు వేళ మార్చినారంట. ఎందుకో ఏమో, పెద్దోళ్ల పనులు."

గాజులు వేయించుకున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఏప్రిల్ 14

పాపం చేశాను. ఎండ అందరికీ ఒకటే అంటారు. ఎక్కడి ఒకటే! మాకు వాకిట్లో మంచం. వాళ్లకు కాగిన కప్పు, దాని కింద నేను పంపిన పొగ.

ఏప్రిల్ 15

మళ్లీ పగలే అంటించమన్నాను.

"నువ్వన్నావనే గదా మార్చినాను? కూలోళ్లకు చల్లపొద్దు పని అలవాటయింది. ఇంక ఎండలో రమ్మంటే ఎవరొస్తారు?"

బీబమ్మ కూతురి సంగతి చెప్పాను.

"కాన్పయితే అత్తగారింటికి పోతాదిలే."

సందులో తక్కినవాళ్లు ఎక్కడికి పోతారు? అడగలేదు. మొదట అడిగింది నేనే కదా.

ఏప్రిల్ 17

బీబమ్మ మళ్లీ వచ్చింది. పిల్లకు ఏదీ సయించడం లేదట.

"మీ మిద్దె మీద వడియాలు సూసిందక్కా. ఎంత తెల్లగుండాయమ్మా అనింది. నాలుగు పెడితే గంజిలో నంజుకుంటాది."

డబ్బా మొత్తం కొంగులో వంపేశాను.

"నీ ఇల్లు సల్లగుండాలక్కా" అంటూ పోయింది.

పొద్దు దిగుతోంది. బట్టీ దగ్గర కట్టెలు పేరుస్తున్న చప్పుడు. ఆయన చెప్పులు వేసుకుంటున్నారు. లేచి వాకిలికి అడ్డం నిలబడాలి...

ఇంకా రాస్తూనే ఉన్నాను.