మొదటి ఆవిరి పక్కన

బావా,

నమస్కారం. జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు, కొట్లో బేరాలు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ఇక్కడ అందరం కులాసా అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ చెల్లెలికి మోకాలి నొప్పి తగ్గింది, నోటి జోరు మాత్రం తగ్గలేదు.

నీ మేనకోడలు చేరిన కంపెనీ ఎలాంటిదని అడిగావు. నా బోల్టుల కొట్టుకి ఎదురే కదా, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసు. దాన్ని పెట్టిన పెద్దాయన రేకుల షెడ్డులో పడవ ఇంజన్లు బాగుచేస్తూ మొదలుపెట్టాడు. తర్వాత సొంతంగా తయారుచేశాడు. కరెంటు మోటార్లొచ్చి ఇంజన్లు అడిగే నాథుడు లేకపోయేసరికి బాయిలర్లలోకి దిగాడు. గేటు మీద ఇంకా 'ఇంజన్లు' అని ఉందేమిటన్నావు. ఆ అక్షరాలు ఆయన స్వయంగా పోతపోసినవి, పీకడానికి ఎవరికీ మనసొప్పదు.

అప్పట్లో ఒక బాయిలర్ పేలి ఆయన తమ్ముడు పోయాడు. అప్పట్నుంచీ అక్కడొక కట్టుబాటు. కొత్త బాయిలర్‌కి మొదటిసారి ఆవిరి ఎక్కించేటప్పుడు, దానికి ఆఖరి అతుకు వేసినవాళ్లు పక్కనే నిలబడాలి. రేపు నిలబడేది మన పిల్ల. వెల్డరయ్యాక దాని మొదటి బాయిలర్.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను, మీ చెల్లెలి చెవిన వేయకు. భయం ఆగక నిన్న అక్కడి మేస్త్రీ దగ్గరికెళ్లి, "దాని బదులు ఇంకెవరినైనా నిలబెట్టన్నా" అని బతిమాలాను. ఆయన మొహం మారిపోయింది.

"అతుకు మీద అనుమానం ఉందని పిల్ల నీతో అందా?"

అక్కడ నిలబడననడానికి అర్థం అదేనట. "అయ్యో, అది కాదు మొర్రో" అన్నా వినడే! అతుకు కోయించి వేరేవాళ్లచేత వేయిస్తానన్నాడు.

ఆ సంగతి తెలిసి పిల్ల తిన్నగా నా కొట్టుకి వచ్చింది. "చన్నీళ్లు నింపి ఒత్తిడి పెడితే చుక్క కారలేదు నాన్నా. బయటివాళ్లెవరూ ఒక్క మాట అనలేదు. నువ్వన్నావు."

అరిచినా బాగుండేది బావా.

ఇవాళ మళ్లీ మేస్త్రీ కాళ్లావేళ్లా పడ్డాను. "అనుమానం నీ నోటి నుంచి వచ్చింది. పోవాలంటే నువ్వూ పిల్ల పక్కన నిలబడు, అప్పుడు అతుకు కోయించను" అన్నాడు. సరేనన్నాను. కుక్కర్ కూతేస్తే వంటింట్లోంచి పరిగెత్తేవాణ్ణి నేను!

పిల్లకి చెప్తే, "వణికితే వణుకు గానీ కళ్లు మూసుకోకు, అందరూ చూస్తారు" అంది.

అతుకు మంచిదే. అనుమానమంతా నా మీదే. ఈ ఉత్తరం రాత్రి బస్సులో పంపుతున్నాను, పొద్దున్నే అందుతుంది. ఆవిరెక్కగానే ఫోన్ చేస్తాను, ఎదురుచూడు. మనం మళ్లీ ఎప్పుడు కలుస్తాం బావా?

ఇట్లు,
రేపు పారిపోకుండా నిలబడాల్సిన
నీ బావ