అబహా కొండ మీద కలేపండ్లు

లక్ష్మీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే కరెంటు తీగ లాగడానికి ఇక్కడ సౌదీలో అబహా కొండ మీదికి వెళ్లాం. పొగమంచులో మా బండి మబ్బుల్లో తేలుతున్నట్టే ఉంది. పైన, రాళ్లను పట్టుకుని పాకిన ముళ్లపొదకు నల్లటి చిన్న పండ్లు కనిపించాయి. అచ్చం మన పెళ్లైన కొత్తలో నువ్వు కొంగులో మూటగట్టి తెచ్చే కలేపండ్లే.

"ఖావో భాయ్, మీఠా హై" అన్నాడు పాకిస్తానీ డ్రైవర్.

ఒకటి తిన్నాను. తియ్యగా, చివర కాస్త వగరుగా ఉంది. గుప్పెడు కోశాను. ఆ మంచులో పక్కన నువ్వే నడుస్తున్నట్టు అనిపించి, చెయ్యి చాపాను.

"నాకేనా అన్నా?" అంటూ నాతో పనిచేసే గంగాధర్ మంచులోంచి వచ్చాడు.

"నీకే తమ్మీ, తిను" అన్నాను.

వాడు పండ్లన్నీ తీసుకున్నాక కూడా నా చెయ్యి కాసేపు అలాగే చాచి ఉంది.