నాలుగో గుంట పచ్చరంగు

రేవతి గారూ,

మీరు ఛైర్మన్ గారికి డాష్‌బోర్డు చూపించే మీటింగులో ఉండి ఫోన్ ఎత్తడం లేదు, అందుకే రాస్తున్నాను. మీ డాష్‌బోర్డులో వాకాడు నాలుగో రొయ్యల గుంటకు ఆక్సిజన్ బాగా కనిపిస్తోంది. నమ్మకండి. అక్కడ కాపలా ఉండే పెంచల్ సెన్సార్‌కు పట్టిన పాచి కడిగి, ఆరాలని కర్రకు తగిలించాడు. అది నీళ్ళకు బదులు గాలిలోని ఆక్సిజన్‌ను కొలిచింది. ఆ అంకెలు చూసుకుని, నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే ఆగిపోయాయి.

“రొయ్యలు పైకి తేలతా ఉండాయి సార్. ఫోన్లో పచ్చగానే ఉండాది. దేన్ని నమ్మాల?” అని ఇప్పుడే అడిగాడు.

సెన్సార్ మళ్ళీ నీళ్ళలో వేయించాను. అయినా మీ రిపోర్టు కోసం సిస్టమ్ గంట సగటే చూస్తుంది; అందులో ఆ తప్పు అంకెలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఏరేటర్లను తిరగనివ్వడం లేదు. ఈ డేటా అంతా చేరే క్లౌడ్ చూసుకునేది నేనే కనుక మొత్తం డేటా ఆపేస్తున్నాను; డేటా అందకపోతే ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా పెట్టి ఉంది. ఛైర్మన్ గారి ముందు తెర ఖాళీ అవుతుంది. ఎవరు ఆపారని అడిగితే నా పేరు చెప్పండి.

పెంచల్‌కు మాత్రం రొయ్యల్నే నమ్మమని చెప్పాను.